రోగి కోరిందీ కోతే, వైద్యుడు చెప్పిందీ కోతే

హైదరాబాదులో ఇల్లు కొనడం కష్టమైపోయింది గానీ నడుము కొనడం తేలికైంది. జూబ్లీహిల్స్ దారిలో సిగ్నల్ దగ్గర ఆగి తలెత్తితే చాలు, ఒక సన్నని నడుము, దాని కింద ఫోన్ నంబరు, ఆ కింద నెలసరి వాయిదాల వివరం. తల్లివైనంత మాత్రాన తల్లిలా కనిపించాలని రూలేమీ లేదని ఒక బోర్డు అభయమిస్తుంది. శుక్రవారం చేయించుకుంటే సోమవారానికి ఆఫీసుకెళ్లిపోవచ్చంటుంది పక్క బోర్డు. తుంటి నుంచి తుంటి దాకా చర్మం కోసి, కండరాలు దగ్గరికి లాగి కుట్టి, బొడ్డుకి కొత్త చోటు చూపించే టమ్మీ టక్ ఆపరేషన్ గురించేనా వీళ్లు మాట్లాడేది, లేక కళ్లజోడు మార్చుకోవడం గురించా అని మీకు అనుమానం వస్తే ఆ తప్పు మీ పాతకాలపు బుర్రది.

నాకు ఆ బుర్రతో పాటు ల్యూపస్ కూడా ఉంది. ఒంటికి కాపలా కాయాల్సిన రక్షణ వ్యవస్థే నా కీళ్ల మీద, చర్మం మీద, అప్పుడప్పుడూ కిడ్నీల మీద విరుచుకుపడుతుంటుంది. ఈ జబ్బున్న ప్రతి పది మందిలో దాదాపు తొమ్మిది మంది ఆడవాళ్లు. టమ్మీ టక్ క్లినిక్కుల గుమ్మం తొక్కేవాళ్లలోనూ ఎక్కువమంది ఆడవాళ్లే. కాబట్టి ఈ రెండు వరసలూ ఎక్కడో ఒకచోట కలవక తప్పదు. కలిసిన చోట జరిగే తంతు గురించే ఈ గోలంతా.

ముందు నా పొట్ట పుట్టుపూర్వోత్తరాలు. రెండు సిజేరియన్లు దానికి పునాది వేశాయి. పై అంతస్తులు ప్రెడ్నిసొలోన్ కట్టింది. స్టెరాయిడ్ వాడే మనిషి అందరిలా లావెక్కదు. కాళ్లూ చేతులూ చిక్కిపోతాయి, కొవ్వంతా ముఖానికి, మెడ వెనక్కి, పొట్టకి చేరుతుంది. దాంతో చూసేవాళ్లకి లావైన మనిషిలా కాక నిండుచూలాలిలా కనిపిస్తుంది. ఇక మన పెళ్లిళ్ల సంగతి మీకు తెలుసు. విజయవాడలో మా పెదనాన్నగారి మనవరాలి పెళ్లిలో ఒక పెద్దావిడ నన్ను పక్కకి లాగి "ఏమ్మా, విశేషమా? ఎన్నో నెల?" అంది. మా పెద్దవాడు ఇంటర్ చదువుతున్నాడు పెద్దమ్మా అన్నాను. "అయితే ఏం, దేవుడిచ్చాడు" అని పొట్ట మీద చెయ్యేసి దీవించింది. ఆ దీవెన నేరుగా ప్రెడ్నిసొలోన్‌కే చేరి ఉంటుంది. ఏడాదంతా పుష్టిగా పనిచేసింది.

మా పిన్ని గోరువెచ్చని నీళ్లలో తేనె, నిమ్మరసం అంది. తోడికోడలు కొర్రలంది, అండుకొర్రలంది. కొబ్బరినూనె తాగమన్నది మాత్రం మా బాబాయి. ఆయన బొజ్జ ఆయనకంటే ఓ అడుగు ముందే పందిట్లో కాలుపెట్టింది. దాన్నెవరూ ఎన్నో నెలని అడగలేదు. మగవాడి బొజ్జకి మన దగ్గర పూర్తి పౌరసత్వం ఉంది. వినాయకచవితి నాడు దానికి ఉండ్రాళ్లు కూడా పెడతాం.

ప్రెడ్నిసొలోన్‌ని నేను తిట్టలేను. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు, కీళ్లవాతంతో కదల్లేకుండా ఉన్న ఒకామెకి కార్టిజోన్ ఇచ్చాడు. రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో ఆయనకీ, కెండాల్‌కీ, రైక్‌స్టైన్‌కీ నోబెల్ బహుమతి వచ్చింది. బిల్లు ఆ తర్వాత వచ్చింది: పలచబడే చర్మం, గుల్లబారే ఎముకలు, పెరిగే షుగరు, మానని గాయాలు, ఈ పొట్ట. ప్రెడ్నిసొలోన్ ఆ కార్టిజోన్ కుటుంబంలోదే. నా కిడ్నీలు నిలబడ్డాయంటే దాని చలవే, నా పొట్ట పెరిగిందన్నా దాని చలవే. ఆ పొట్టని కోయించుకుంటే కుట్లు మానకుండా అడ్డం పడబోయేదీ అదే.

హోర్డింగు మీద చోటు చాలక రాయని మాట ఇంకొకటుంది. స్టెరాయిడ్ పొట్టలోని కొవ్వు చాలావరకు కండరాల గోడకి లోపల, పేగుల చుట్టూ పేరుకుంటుంది. టమ్మీ టక్‌లో తీసేది గోడకి బయట ఉన్నది మాత్రమే, అంటే వేలాడే చర్మం, దాని కిందున్న కొవ్వు. లోపలి సరుకు జోలికి ఆ కత్తి పోదు. పైగా మాత్ర మింగుతున్నంత కాలం సరఫరా ఆగదు. లక్షలు పోసి కొనుక్కునే ఈ బల్లపరుపు పొట్టకి గ్యారంటీ కార్డు మీద సంతకం పెట్టాల్సింది సర్జన్ కాదు, నా ల్యూపస్ చూసే రుమటాలజిస్టు.

మరి నాకెందుకు పుట్టిందీ బుద్ధి అంటారా? సిజేరియన్ గీత మీదకి జారిన చర్మం మడతలో మే నెల చెమటకి ఒరుసుకుని పుండు పడుతుంది. ప్రతి వేసవిలోనూ పౌడరు, ఆయింట్‌మెంటు, మెత్తటి నూలుగుడ్డ. కాన్పుల్లో ఎడంగా జరిగిన పొట్ట కండరాలు మళ్లీ దగ్గరికి రాలేదు. బిందె ఎత్తితే నడుం పట్టేస్తుంది, కుచ్చిళ్లు దోపితే నిలవవు. ఇవన్నీ నిజాలే. అద్దంలో చూసుకుంటే బాధగా ఉంటుందన్నదీ నిజమే. దాన్ని చివర్న చెప్పానంటే అది చిన్నదని కాదు, చెబితే మీరు ఒప్పుకోరని.

సరే, వెళ్లాను. ఏ క్లినిక్కో అనవసరం, అన్నిటిదీ ఒకే అత్తరు. సోఫాలో కూర్చోబెట్టి ఒక ఫారం ఇచ్చారు. మా గురించి మీకెలా తెలిసింది? ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, హోర్డింగు, స్నేహితులు, బంధువులు, సినిమా హాలు, ఇతరాలు. ఏడు గళ్లు. ఏ శుభకార్యం లోపల ఫలితం కావాలన్నదానికి ఇంకో నాలుగు. జబ్బుల దగ్గరికొచ్చేసరికి బీపీ, షుగర్, థైరాయిడ్ అని మూడు గళ్లు, వాటి పక్కన బొటనవేలంత గీత. ఆ గీత మీద నేను ల్యూపస్, ప్రెడ్నిసొలోన్, మైకోఫెనోలేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్ పట్టించాలి. చివరి మందు పేరు గీతలో ఇమడక పక్కనే ఉన్న 'రెఫరల్ కోడ్' గడిలోకి నడిచింది. కౌంటర్లో అమ్మాయి ఆ కోడు చెల్లదంది.

తర్వాత తెల్లకోటు వేసుకున్న ఒకామె వచ్చింది. డాక్టరేనా అని అడిగితే కౌన్సెలర్‌నంది. కోటు మాత్రం డాక్టర్ది. "ల్యూపస్ అంటే స్కిన్ అలర్జీయా మేడం? స్కిన్‌కి కూడా మా దగ్గర ప్యాకేజీ ఉంది" అంది. నా బుగ్గల మీది ఎర్రమచ్చ చూసి పొట్టతో పాటు దానికీ ఒక లేజర్ సిటింగు ఫ్రీగా కలిపేస్తానంది. ఎండ తగిలితే రేగే జబ్బుకి వెలుగుతో వైద్యం! ఆవిడ తప్పేముంది, ఆవిడకి నెలకింత అని టార్గెట్ ఉంటుంది. ఆ టార్గెట్‌లో నా ముక్కూ మొహమూ ఉండవు.

చివరికి సర్జన్ దర్శనమిచ్చాడు. మర్యాదస్తుడే. పొట్ట చూశాడు, పట్టుకు చూశాడు, పిడికెడు మడత వేసి సాగదీసి చూశాడు. మార్కరుతో గీతలు గీశాడు. బాగా వస్తుందన్నాడు. నన్ను మాత్రం చూడలేదు, నా చేతిలో ఉన్న ఫైలు అసలే చూడలేదు. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అని మనవాళ్లు ముచ్చటపడి చెప్పుకున్నారు. ఇక్కడ పాల బదులు కత్తి, అంతే తేడా. బయటికొచ్చేటప్పుడు చేతిలో పెట్టిన సూచనల కాగితంలో మొదటి వాక్యమే నాకు కంఠతా వచ్చేసింది: ఆపరేషన్‌కి వారం ముందు నుంచి వాడుతున్న మందులన్నీ ఆపివేయవలెను.

అన్నీనట! వారాలు, నెలలు స్టెరాయిడ్ మింగినవాళ్లలో అడ్రినల్ గ్రంథులు సొంత పని మానేసి నిద్రపోతాయి. మాత్ర హఠాత్తుగా ఆపితే అవి వెంటనే లేచి కూర్చోవు. ఆ స్థితిలో గంటల తరబడి ఆపరేషన్ జరిగితే బీపీ కుప్పకూలి ప్రాణం మీదికొస్తుంది. అందుకే తెలిసిన మత్తు డాక్టరు స్టెరాయిడ్ ఆపనివ్వడు, అవసరమైతే ఆ పూట అదనంగా ఎక్కిస్తాడు. ఇక మిగతా మందులు. అమెరికాలో రుమటాలజీ వైద్యుల సంఘం, తుంటి, మోకాలి సర్జన్ల సంఘం కలిసి 2017లో ఒక మార్గదర్శకం రాసి, 2022లో సవరించాయి. మెథోట్రెక్సేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్ లాంటివి ఆపొద్దని, బయోలాజిక్ ఇంజెక్షన్లు వాడేవాళ్లకి ఆపరేషన్‌ని డోసుల మధ్య విరామం చూసి పెట్టుకోవాలని, ల్యూపస్ తీవ్రంగా ఉన్నవాళ్లకి మైకోఫెనోలేట్ కూడా కొనసాగించాలని అందులో ఉంది. అది కీళ్ల మార్పిడి కోసం రాసినది. పొట్టకి దాన్ని సర్దుకోవాలంటే ఒక సర్జను, ఒక రుమటాలజిస్టు ఫోన్లో పది నిమిషాలు మాట్లాడుకోవాలి. మన క్లినిక్కులో లేజర్ ఉంది, కాఫీ మిషను ఉంది, ముందూ వెనకా ఫొటోలు తియ్యడానికి ప్రత్యేకంగా లైట్లున్న గది ఉంది. ఫోనే లేనట్టుంది.

ఇక కోత సంగతి. కింది పొట్ట మీద కోసి, చర్మాన్ని పక్కటెముకల దాకా లేపి, కిందికి లాగి, మిగిలినది కత్తిరించి కుడతారు. అలా లాగిన చర్మానికి రక్తం కష్టంగా అందే చోటు కింది కుట్టు నడిమధ్య. నిక్షేపంలాంటి ఒంటికే అక్కడ నల్లబడుతుందేమోనని సర్జన్లు కనిపెట్టుకుని ఉంటారు. స్టెరాయిడ్‌తో ఉల్లిపొరలా పలచబడ్డ చర్మానికి, చలిగాలి తగిలితే వేళ్లు పాలిపోయే మనిషికి ఇంకెంత కనిపెట్టుకోవాలి! పైగా మా మందులు చీము పట్టినా జ్వరాన్ని పైకి రానివ్వకపోవచ్చు. జ్వరం వస్తే కుట్లు చెడ్డాయా, జబ్బు రేగిందా అన్నది తేల్చడానికే ఒక పూట పడుతుంది. జబ్బైతే మందు పెంచాలి, చీమైతే తగ్గించాలి. సోమవారం ఆఫీసుకెళ్లాల్సిన మనిషికి ఇదంతా ఎవరు చెబుతారు?

అన్నిటికంటే నన్ను నిద్ర పోనివ్వనిది రక్తం గడ్డ. ల్యూపస్ ఉన్న ప్రతి ముగ్గురిలో సుమారు ఒకరి రక్తంలో యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు కనిపిస్తాయి. అవి ఉంటే రక్తం అవసరం లేని చోట గడ్డకట్టే గుణం పెరుగుతుంది. అందం కోసం చేసే ఆపరేషన్లలో కాలి సిరల్లో గడ్డకట్టి అది ఊపిరితిత్తులకి ఎగబాకే ప్రమాదంలో టమ్మీ టక్ ముందు వరసలో ఉంటుంది. కండరాలు బిగించి కుట్టడంతో కడుపులో ఒత్తిడి పెరుగుతుంది, ఆ పైన నడుంకి పట్టీ, ఆ పైన నడవబుద్ధి కాక మంచానికి అతుక్కుపోవడం. ఆ యాంటీబాడీలూ, ఈ ఆపరేషనూ ఒకే మనిషిలో కలుస్తాయేమో ముందే చూడటానికి రక్తపరీక్షలున్నాయి. ఒకసారి పాజిటివ్ వస్తే కనీసం 12 వారాలాగి మళ్లీ చేసి ఖాయం చేసుకోవాలి. పన్నెండు వారాలు! దసరా ఆఫరు అప్పటిదాకా ఆగుతుందా?

2007 నవంబరులో అమెరికాలో డోండా వెస్ట్ అనే ఆంగ్ల ప్రొఫెసరు, గాయకుడు కాన్యే వెస్ట్ తల్లి, టమ్మీ టక్, రొమ్ము తగ్గించే ఆపరేషన్ చేయించుకున్న మర్నాడు చనిపోయింది. గుండె రక్తనాళాల జబ్బు, ఆపరేషన్ తర్వాతి కారణాలు కలిసి అలా జరిగిందని శవపరీక్ష తేల్చింది. రెండేళ్లకి కాలిఫోర్నియా ఆమె పేరునే ఒక చట్టం చేసింది. అందం కోసం కత్తి పట్టే ముందు మనిషిని ఒళ్లంతా పరీక్ష చేసి, ఆపరేషన్‌కి పనికొస్తుందని 30 రోజుల లోపు రాతపూర్వకంగా ఇవ్వాలన్నది దాని సారం. పొట్ట కోసేముందు పొట్ట ఉన్న మనిషిని కూడా ఓసారి చూడండి బాబూ అని శాసనసభ కూర్చుని చెప్పాల్సి వచ్చింది.

మన వైపు చూద్దాం. 2015 జూన్‌లో తెలుగు సినిమా నటి ఆర్తీ అగర్వాల్ అమెరికాలో చనిపోయినప్పుడు, కొన్ని వారాల ముందే లైపోసక్షన్ చేయించుకుందని వార్తలొచ్చాయి. 2022 మేలో బెంగళూరులో 21 ఏళ్ల కన్నడ టీవీ నటి చేతనా రాజ్ కొవ్వు తీయించుకునే ఆపరేషన్ తర్వాత చనిపోయింది. వీళ్లకి నాలాంటి జబ్బుందని నేననడం లేదు. జబ్బు లేనివాళ్లకే ఎంత జాగ్రత్త కావాలో అంటున్నాను. రెండుసార్లూ మనం చేసిందేమిటి? టీవీల్లో వాళ్ల పాత పాటలు వేసుకుని, అంత లావేం లేదు కదా అని చర్చ పెట్టుకున్నాం.

క్లినిక్కుల వాళ్లని తిడుతుంటే మీరు చప్పట్లు కొడుతున్నారేమో, ఆగండి. మీ వంతూ ఉంది. ఈ జబ్బుతో నీకిప్పుడు సోకులు కావలసి వచ్చాయా అని అడిగేవాళ్లు క్లినిక్కుకి ఎదురుగా ఉన్న దుకాణం. 'మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె' అని మా అత్తగారి వైపు ఒకాయన నా మొహానే అన్నాడు. ఆయన జుట్టుకి నెలకోసారి రంగు పడుతుంది. ఎన్నో నెలని అడిగిందీ వీళ్లే, తీయించుకుంటానంటే సోకులన్నదీ వీళ్లే. 2022 అక్టోబరులో సినిమా నటి సమంత తనకి మయోసైటిస్ అనే కండరాల జబ్బుందని బయటపెట్టింది. మూడు నెలలు తిరక్కుండానే ఆమె ముఖంలో కళ పోయిందని సోషల్ మీడియాలో బెంగపడ్డారు. ఆడమనిషి జబ్బుతో ఉండొచ్చు, జబ్బు మనిషిలా కనపడకూడదు, కనపడకుండా ఉండటానికి ఏమైనా చేస్తే మాత్రం పొగరు. రోగుల్లోనూ మంచి రోగి అని ఒక తరగతి ఉంది. ప్రాణాలతో ఉన్నందుకు దండం పెట్టి, అద్దం బోర్లించి, మూల కూర్చునేది. డాక్టర్లలోనూ కొందరికి ఆ తరగతే ఇష్టం. పొట్ట ఆపరేషన్ మాటెత్తగానే ఫైలు మూసి "అవన్నీ మీకెందుకమ్మా" అంటారు. అలా అనిపించుకున్న ఆడది ఇంటికి పోయి మనసు మార్చుకుంటుందని వాళ్ల నమ్మకం. ఆమె చేసేది ఒక్కటే. తర్వాత వెళ్లే క్లినిక్కులో జబ్బుల గీత మీద ఏమీ రాయదు.

ఇన్సూరెన్సు సంగతి క్లుప్తంగా. మన దేశంలో ఏ హెల్త్ పాలసీ తెరిచినా మినహాయింపుల్లో 08 అనే కోడు కనిపిస్తుంది. ప్రమాదమో కాలిన గాయాలో క్యాన్సరో అయితే తప్ప, వైద్యపరంగా అవసరమైతే తప్ప, రూపం మార్చే ఆపరేషన్‌కి పైసా రాదు. కుట్టు విడిపోయి ఐసీయూ దాకా వెళితే ఆ బిల్లు కూడా మీ నెత్తినే పడొచ్చు. వాయిదాల ఫారంలో ఐసీయూకి గడి లేదు.

తర్వాత ఇంకో ఆసుపత్రిలో ఒక ప్లాస్టిక్ సర్జన్‌ని కలిశాను. ఆయన పొట్ట చివర్న చూశాడు. మాత్ర ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్నాళ్లుగా, జబ్బు చివరిసారి ఎప్పుడు రేగింది, మూత్రంలో ప్రొటీను ఎంత, కాలు ఎప్పుడైనా ఒకవైపే వాచిందా, గర్భస్రావాలయ్యాయా. పొట్ట డాక్టరుకి నా గర్భస్రావాల సంగతి దేనికంటే, ఆ యాంటీబాడీల జాడ చాలామందిలో మొదట బయటపడేది అక్కడేనట. నా ఎదుటే మా రుమటాలజిస్టుకి ఫోను చేశాడు. మాట్లాడటం అయ్యాక, "చర్మం తీయగలను, కండరం కుట్టగలను, స్టెరాయిడ్ పొట్ట తీయలేను. జబ్బు నిలకడగా ఉండి, మాత్ర బాగా తగ్గి, రక్తపరీక్షలు సరిగ్గా వచ్చాక రండి, అప్పుడు ఆలోచిద్దాం. ఈలోపు మడతలో పుండుకి స్కిన్ డాక్టరుని, కండరాలకి ఫిజియోథెరపిస్టుని చూడండి" అన్నాడు. జబ్బు అదుపులో ఉన్నప్పుడు ఇద్దరు డాక్టర్ల సలహాతో చేయించుకుని సుఖంగా ఉన్నవాళ్లున్నారని కూడా చెప్పాడు. ఆశ పెట్టలేదు, సోకులనీ అనలేదు. ఆయన గదిలో ముందూ వెనకా ఫొటోలు లేవు, దానికి తగ్గట్టే బయట జనమూ లేరు.

మొదటి క్లినిక్కు వాళ్లు మాత్రం నన్ను మరిచిపోలేదు. డేట్ బ్లాక్ చేశాం మేడం, అడ్వాన్సు కట్టేయండి అని వాట్సాప్‌లో రోజూ పలకరింపు. వాళ్ల మర్యాద వాళ్లకి ఉండాలి కదా, నేనూ జవాబిచ్చాను. నా మందుల చీటీ, యాంటీబాడీ పరీక్ష రిపోర్టు ఫొటోలు తీసి పంపి, మీ సర్జన్ గారికి చూపించి ఒక మాట రాయించి పంపమన్నాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. కాసేపు 'టైపింగ్' అని కనిపించింది.

"మేడం, మీరు పంపిన ఫొటోలు యూజ్ లేదు. స్టమక్ ఫొటో పంపండి, సైడ్ నుంచి."